స్టెప్నీ వంతు

"అమ్మ కంటి ఆపరేషన్‌కి రేపటి డేట్ ఇచ్చారు. రేపట్నుంచి నువ్వు పది రోజులు సెలవు పెట్టెయ్," అన్నాడు భర్త, గుమ్మంలో నిలబడి.

ఆమె అప్పటికి కారు ముందు చక్రానికి ఇటుక అడ్డం పెడుతోంది. ఈ ఆదివారం టైర్లు మార్చాలని వారం కిందటే అనుకుంది. ముందు టైర్లు బాగా అరిగాయి. బండిని లాగేవీ అవే, మలుపు తిరిగేవీ అవే. వెనకవి ముందుకు, ముందువి వెనక్కి మార్చుకుంటే ఇంకో ఏడాది లాగించవచ్చు.

"రేపు నా ట్రైనింగ్ మొదలవుతుందని చెప్పాను కదండీ."

"అదెప్పుడూ ఉండేదేగా!"

అదెప్పుడూ ఉండేది కాదు. రక్తపరీక్షల ల్యాబులో పదకొండేళ్ల నుంచి పనిచేస్తోంది. హెడ్ టెక్నీషియన్ ఉద్యోగం మూడుసార్లు నోటిదాకా వచ్చి పోయింది. ఒకసారి ఆడపడుచు పురుడు, ఒకసారి మామగారి తుంటి ఎముక, ఇంకోసారి మరిది, తోడికోడలు ఊరెళితే వాళ్ల పిల్లల కాపలా. అత్తమామలు తప్ప ఉద్యోగం లేని పెద్దవాళ్లెవరూ ఆ ఇంట్లో లేరు. అయినా సెలవు అనగానే అందరి కళ్లూ ఆమె వైపే తిరిగేవి. "మీకు ఇల్లు ముఖ్యం కదమ్మా, తప్పులేదు," అనేవాడు మేనేజరు. ఈసారి మాత్రం, రేపు ట్రైనింగుకి రాకపోతే ఆ ఉద్యోగానికి మీ పేరు ఇక పంపనని ముందే చెప్పేశాడు.

ఒకసారి చుట్టాలందరూ భోజనాల దగ్గర ఉండగా భర్త అన్నాడు. "మా ఆవిడ ఈ ఇంటికి స్టెప్నీ. ఏ చక్రం పంక్చరైనా ఎక్కేస్తుంది." అందరూ పగలబడి నవ్వారు. వడ్డిస్తున్న ఆమె కూడా నవ్వింది. వాళ్లు నవ్వినందుకు కాదు, తాను నవ్వినందుకు ఇప్పటికీ ఆమెకు ఒళ్లు మండుతుంది.

"అది కాదు, ముందు జాకీ ఎత్తు," అన్నాడు భర్త, ఆమె రెంచి తీయడం చూసి.

రెండేళ్ల కిందట రోడ్డు మీద టైరు పంక్చరైతే ఆయన అలాగే ఎత్తాడు. నట్టు తిప్పబోతే చక్రమే గిర్రున తిరిగింది. రెంచిని తిట్టాడు, రోడ్డును తిట్టాడు, చివరికి చక్రం గట్టిగా పట్టుకోలేదని ఆమెను తిట్టాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. తర్వాత అక్కడికొచ్చి ఆ టైరుకే అతుకు వేసిన పంక్చర్ షాపాయన నవ్వుకుంటూ ఆమెకు చెప్పాడు. "చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చెయ్యాలమ్మా. గాల్లోకి లేచాక ఇంకేం చేస్తారు?"

ఆమె రెంచి తగిలించి, దాని మీద పాదం ఆనించి ఒంటి బరువంతా వేసింది. నట్టు కిర్రుమంది. వదిలింది. మిగతావీ అలాగే వదులు చేసి, అప్పుడు జాకీ ఎత్తింది.

డిక్కీలోంచి స్టెప్నీ కిందికి దించింది. ఐదేళ్లయినా దాని మీద కొత్త టైర్లకుండే సన్నని రబ్బరు వెంట్రుకలు ఊడలేదు. అంచున మాత్రం బీటలు మొదలవుతున్నాయి. "తిరక్కపోయినా టైరు ముసలిదవుతుందమ్మా, త్వరగా వాడెయ్యండి," అని కూడా అన్నాడు షాపాయన. ఆ బీటల మీద వేలు పెట్టి చూసుకుంటే ఆమెకు భయం వేసింది. తనకి నలభై మూడు.

ఏది ఎక్కడిదో తెలిసేలా టైర్ల మీద సుద్దతో రాసుకుంది. స్టెప్నీ వెనక కుడివైపు ఎక్కింది. అక్కడిది ముందు ఎడమకు, ముందు ఎడమది వెనక ఎడమకు, వెనక ఎడమది ముందు కుడికి. అన్నిటికన్నా అరిగిన ముందు కుడి టైరు మిగిలింది. నడుం పట్టేసింది, చేతులు నల్లగా అయ్యాయి.

"స్టెప్నీ ఎందుకు బిగించావ్? అది అవసరానికి కదా!"

"ఐదింటికీ వంతు పెట్టానండీ. ఆపరేషన్ అయ్యాక అత్తయ్య కంట్లో వేసే చుక్కల మందుకీ అంతే. మొదటి నాలుగు రోజులు మీరు, తర్వాత మూడు మీ తమ్ముడు, మూడు మీ చెల్లెలు. సాయంత్రం ఇంటికొచ్చాక నేను వేస్తాను."

"నేనా? నాకు చేతవుతుందా అవన్నీ?"

లోపల మంచం మీంచి అత్తగారి గొంతు వినిపించింది. "చెయ్యి వణక్కుండా వేస్తే చాల్రా! చిన్నప్పుడు నీ కళ్లల్లో నేను వెయ్యలేదూ? నేనేమన్నా నర్సునా?"

భర్త గొంతు తగ్గించాడు. "అది సరేనోయ్. ఇంత హఠాత్తుగా చెబితే, రేపటికి రేపు నాకు సెలవెవరిస్తారు?"

అరిగిన టైరును డిక్కీలోకి ఎత్తి పెట్టిందామె. ఆయన ముఖంలోకి సూటిగా చూసింది.

"పదకొండేళ్లుగా మీరంతా నాకిలాగే చెప్పారండీ," అని డిక్కీ మూసింది.