తీగలో ఇరుక్కున్న మాటలు

ప్రతి నెలా రెండో శనివారం అక్కాచెల్లెళ్ళిద్దరూ పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి బస్సెక్కేవారు. ఇద్దరికీ నాన్న పళ్ళే వచ్చాయి, సీటు కోసం తోసుకుంటున్నట్టు ఒకదాని మీద ఒకటి ఎక్కి. వాటిని సరిచేయించడానికి ఒప్పుకున్న నాన్నే, ఎవరికేవి పెట్టించాలో కూడా తేల్చేశాడు.

"పెద్దది హోటల్లో రిసెప్షన్‌లో కూచుంటుంది. నలుగురూ మొహం చూస్తారు. దానికి కనపడనివి పెట్టండి. చిన్నది మిషన్ మీద చొక్కాలు కుడుతుంది. దాని నోరు ఎవడు చూడొచ్చాడు? తీగ వేసెయ్యండి."

అలా అక్కకి అద్దంలాంటి ప్లాస్టిక్ తొడుగులొచ్చాయి. భోజనానికి తీసి డబ్బాలో పెట్టుకునేది, తిన్నాక మళ్ళీ తొడుక్కునేది. మొదటి వారం మాట కాస్త తడబడింది, అంతే. చెల్లెలికి పంటికో లోహపు బిళ్ళ, అన్నిటినీ కలుపుతూ తీగ. బిగించిన ప్రతిసారీ మూడు రోజులు జావతో గడిపేది. బుగ్గ లోపల ఒరుసుకుని పుళ్ళు పడేవి. కుట్టుమిషన్ల దగ్గర ఆమె పేరు 'కంచె' అయి కూచుంది. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటైంది. పోనుపోను ఆ నవ్వే రావడం మానేసింది.

తీగ వేయించుకున్నవాళ్ళకి మెతుకులతో పాటు మింగేసిన మాటలు కూడా ఇరుక్కుంటాయి కదా. బిగించే ముందు డాక్టరమ్మ సన్నటి పట్టకారుతో వాటిని ఒక్కొక్కటే తీసి స్టీలు పళ్ళెంలో వేసేది. నువ్వుగింజంత ఉండేవి. పళ్ళెంలో పడగానే, మింగినవాళ్ళ గొంతుతోనే ఒక్కసారి పలికి ఊరుకునేవి. "ఈ జావ ఇంక నా వల్ల కాదు." "నా పేరు కంచె కాదు." డాక్టరమ్మ మర్యాద తెలిసిన మనిషి, వినీ విననట్టు తన పని తాను చూసుకునేది.

అక్క తొడుగుల్లోనూ మాటలు చేరేవి. కాని పడుకోబోయే ముందు కుళాయి కింద కడిగితే పోయేవి. తెల్లారేసరికి అవేమిటో ఆమెకే గుర్తుండేవి కావు. అందుకే ఇంట్లో అందరూ పెద్దది బంగారం, దేనికీ ఎదురు చెప్పదు అనేవారు.

చెల్లెలు పనిచేసేచోట సూపర్‌వైజరు, అక్కను బస్‌స్టాపులో చూసి ఇష్టపడి, ఇంటికొచ్చి అడిగాడు. పద్ధతిగా కూచున్నాడు, పద్ధతిగా మాట్లాడాడు. నాన్న ఉబ్బితబ్బిబ్బయ్యాడు. పెళ్ళి ఖాయమైంది. అతను ఇంటికి వచ్చిపోవడం మొదలైంది.

"ఇకమీదట సార్ అనకు, బావా అను," అన్నాడతను మర్నాడు చెల్లెలితో, ఆమె మిషన్ మీదికి వంగి.

ఆ తరవాతి నెల దవాఖానాలో రెండో కుర్చీ ఖాళీగా ఉందని అక్కను కూడా లోపలికి పిలిచారు. డాక్టరమ్మ చెల్లెలి నోట్లోకి దీపం తిప్పింది.

"ఈసారి చాలా ఉన్నాయమ్మా."

ఒకటి పళ్ళెంలో పడింది. "చెయ్యి తియ్యండి."

రెండోదీ అదే. "చెయ్యి తియ్యండి."

మూడూ, నాలుగూ, ఐదూ అవే. కడపటి పన్ను వెనక గట్టిగా నాటుకుపోయినది చివర్న ఊడివచ్చింది.

"బావా, చెయ్యి తియ్యండి."

అక్క తన కుర్చీలోంచి లేచి నిలబడింది.

బస్సులో అక్క అంది, "నాన్నకైనా చెప్పి ఉండాల్సింది."

"చెప్పబోయాను. తీగలు కనపడుతున్నాయి, నోరు మూసుకుని మాట్లాడు అన్నాడు. ఎలా మాట్లాడనక్కా?"

ఇంటికెళ్ళగానే అక్క ఈ పెళ్ళి చేసుకోనంది. కారణం విని నాన్న తల పట్టుకున్నాడు. "చిన్నదానికీ కనపడనివే పెట్టించి ఉంటే ఈ గొడవే వచ్చేది కాదు," అన్నాడు. సూపర్‌వైజరు ఉద్యోగం చెక్కుచెదరలేదు. చెల్లెలి మిషన్ ముందు మాత్రం వారం తిరక్కుండా ఇంకొకామె కూచుంది.

అక్క ఒక్కతే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. "నాకూ తీగే వెయ్యండి," అంది.

"నీ పళ్ళు చక్కగానే కదులుతున్నాయి కదమ్మా?"

"పళ్ళు కదులుతున్నాయి. రోజూ నేను ఏమేం కడిగేసుకుంటున్నానో నాకే తెలియడం లేదు."

హోటలువాళ్ళు ఆమె నోరు చూసి, రిసెప్షన్ నుంచి తీసేసి, వెనక దుప్పట్లు మడతపెట్టే గదికి పంపారు. ఆ నెలంతా చెల్లెలే ఆమెకు జావ కాచి ఇచ్చింది. తీగ కొస గుచ్చుకునేచోట మైనం ఎలా అద్దాలో, అన్నం ఏ వైపు నమలాలో నేర్పింది. ఒకే మంచం మీద పడుకుని గుసగుసలాడుకున్నారు. ఒక్కోసారి అక్క ఏదో చెప్పబోయి మింగేసేది. పుట్టి బుద్ధెరిగాక ఇద్దరూ అంత దగ్గరగా ఎన్నడూ లేరు.

తీగ బిగించే రోజు చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుని కుర్చీ పక్కనే నిలబడింది. డాక్టరమ్మ బుగ్గలు విడదీసే ప్లాస్టిక్ చట్రం పెట్టి, పట్టకారు అందుకుంది. మొదటి గింజ పళ్ళెంలో పడింది.

"మన వంటింట్లో అతని చెయ్యి నీ నడుం మీద ఉండగా చూశాను చెల్లీ. సంబంధం చెడుతుందని, చూడనట్టు వెనక్కి తిరిగాను."

చెల్లెలు చెయ్యి వదిలేసింది. చెప్పులు వేసుకుని, తలుపు తీసుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. బుగ్గలు సాగదీసి ఉన్న అక్క పిలవబోతే గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

"కదలకమ్మా," అంది డాక్టరమ్మ మళ్ళీ వంగుతూ. "ఇంకా ఉన్నాయి."