కవర్ మీది సాలీడు

సాలీడంటే నాకు చచ్చేంత భయం. మా ఆవిడకు అదే లోకం. చెరువు గట్ల మీద, కాలువల ఒడ్డున కనిపించే సాలీళ్ళను ఎలా గుర్తుపట్టాలో చెబుతూ ఆవిడ రాసిన మొదటి పుస్తకం అచ్చుకు సిద్ధమైంది. కవర్ మీద, గూడు అల్లకుండా వేటాడే తోడేలు సాలీడు. ఆ ఫొటో తీసిందెవరనుకున్నారు? మీ దాసుడే! బురదలో బోర్లా పడుకుని, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తీశాను. జన్మకో గొప్ప పని చేశానని ఆఫీసంతా చూపించుకు తిరిగాను.

ప్రెస్ వాళ్ళు కవర్ నమూనా పంపిన రోజు ఆవిడ దాన్ని వంటింట్లో బల్ల మీద పరిచి, భూతద్దం పట్టుకుని కూర్చుంది. కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోలేదు.

"ఏమండీ, నాకెందుకో అనుమానంగా ఉంది. రకం తేల్చేది కళ్ళే, అవి ఇందులో సరిగ్గా పడలేదు. చెరువు దగ్గరికి వెళ్ళొద్దాం పదండి."

"ఇప్పుడా? ఏదైనా సాలీడే కదా!"

ఆవిడ చూసిన చూపుకు వెంటనే స్కూటర్ తీశాను.

నేను ఫొటో తీసిన చోటే, నీళ్ళ పక్కన రెల్లు ఆకు మీద, అచ్చం అలాంటిదే కనిపించింది. గుడ్ల మూటను నోట కరుచుకుని ఉంది. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"తోడేలు సాలీడైతే మూటని వెనక, దారం వచ్చే చోట అంటించుకుని తిరుగుతుందండీ. నోట కరుచుకోదు. ఇది వేరే రకం. కవర్ మీదదీ ఇదే. నేను పొరబడ్డాను!"

లాటరీ తగిలినట్టు చెప్పింది ఆ మాట. అక్కడే నిలబడి ప్రెస్‌కి ఫోన్ చేసి కవర్ ఆపించేసింది. నా ఫొటో కాస్తా గంగలో కలిసింది.

"వదిలేస్తే ఎవరికి తెలుస్తుందే?" అన్నాను ఉక్రోషంగా.

"నా పుస్తకం నమ్మి ఒడ్డున వంగి చూసేవాళ్ళకి తెలుస్తుంది."

ఒళ్ళు మండింది. ఇలాంటి మనిషి నాకు భార్య అయిందని గర్వంగానూ ఉంది.

"మరి అసలుదాన్ని పట్టండి," అంటూ కెమెరా నా చేతిలో పెట్టింది. మళ్ళీ బురద, మళ్ళీ బోర్లా. కెమెరా సర్దుకునేలోపే తడి రాళ్ళ మధ్య నుంచి ఒకటి పరుగెత్తుకొచ్చి నా మణికట్టు ఎక్కేసింది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"కదలకండి!" ఆవిడ భూతద్దంతో నా చేతి మీదికి వంగింది. "కింద వరసలో నాలుగు చిన్న కళ్ళు. వాటి పైన రెండు పెద్దవి. వెనగ్గా ఇంకో రెండు. మూట... వెనకే ఉందండీ!"

అప్పుడు నేనూ చూశాను. తనంత మూటను వెనక కట్టుకుని, ఇంత మనిషి మీద నిలబడి కూడా అదురూ బెదురూ లేదు దానికి. ఎంత బాగుందో! చెయ్యి విదిలిస్తే ఆ మూట ఎక్కడ ఊడిపోతుందోనని ఊపిరి బిగబట్టాను. కెమెరా ఆవిడే లాక్కుంది.

పుస్తకం వచ్చింది. కవర్ మీద తోడేలు సాలీడు, దాని కింద బురద అంటిన నా మణికట్టు. ఈసారీ ఆఫీసంతా తిప్పాను.

"ఈ ఫొటో కూడా మీరే తీశారా?" అని అడిగారు.

"మా ఆవిడ తీసింది," అన్నాను. "నేను కదల్లేదు, అంతే."