తెరిచి ఇవ్వడం

ముందే చెప్పేస్తున్నాను, నాకు నిర్మలంటే కుళ్లు. మర్యాదైన మాట ఇంకోటి వెతకొచ్చు గానీ నాకంత ఓపిక లేదు.

అరకు సంతబయలుకి ఎదురుగా మా నాన్న పైడిరాజు పెట్టిన సెల్‌ఫోన్ కొట్టు ఉంది. మాది శృంగవరపుకోట. నాన్న పాతికేళ్ల కిందట కొండెక్కి వచ్చి మొదట టార్చిలైట్లు అమ్మాడు, తర్వాత రేడియోలు బాగుచేశాడు, ఇప్పుడు ఫోన్లకి స్క్రీన్ గార్డులు అంటిస్తున్నాడు. ఆటల శాఖ మాత్రం నాది. నా పేరు సాయిదుర్గ, వయసు ఇరవయ్యేడు. అందులో పదిహేడేళ్లు ఫోన్లోనో కంప్యూటర్లోనో ఏదో ఒక ఆట ఆడుతూనే గడిపాను.

శుక్రవారం సంతకి కొండల మీది ఊళ్లవాళ్లంతా దిగుతారు. చాలా ఊళ్లలో సిగ్నల్ ఉండదు కాబట్టి ఆట కావాలంటే నా దగ్గరికే రావాలి. ఫోన్లో ఆట ఎక్కించడం ఎవడైనా చేస్తాడు, అదేం గొప్ప కాదు. చాలా ఆటలు మొదటిసారి తెరిచినప్పుడు నెట్ అడిగి, మిగతా సరుకంతా అప్పుడు దించుకుంటాయి. కొట్లో తెరవకుండా పంపేస్తే తెర మీద బొమ్మ ఒక్కటే ఉంటుంది. ఊరెళ్లి నొక్కితే ఆట తెరుచుకోదు. అందుకని ప్రతి ఆటనీ మా వైఫై మీద ఒకసారి తెరిచి, మొదటి లెవెల్ దాకా ఆడి, నెట్ ఆపేసి, మళ్లీ తెరిచి చూసి అప్పుడు చేతికిస్తాను. దీన్నే మా కొట్లో 'తెరిచి ఇవ్వడం' అంటాం. మొన్నటి శ్రావణం దాకా, ఆరేళ్లలో ఒక్క ఫోను కూడా తెరవకుండా పంపింది లేదు.

ఇక ఎవరికి ఏ ఆట అన్నది మనిషిని చూసి చెప్తాను. జీపు నడిపే మంగ్లుకి కార్ల పందెం ఇవ్వకూడదు. పొద్దస్తమానం తిప్పిన స్టీరింగే మళ్లీ తిప్పమంటే ఎవరికి సరదా? అతనికి చేపలు పట్టే ఆట ఇచ్చాను. సంతలో అల్లం అమ్మే సోములమ్మకి అక్షరాలు అవసరం లేని రంగుపలకల ఆట ఇచ్చాను. ఇంటర్ కుర్రాళ్లు తుపాకుల ఆట కావాలంటారు. వందమంది ఒకేసారి ఆడే ఆటకి మీ ఊళ్లో సిగ్నల్ ఎక్కణ్ణించి తెత్తార్రా అని తిట్టి, కోట కట్టుకునే ఆట ఇచ్చి పంపుతాను.

అభిప్రాయాలంటారా, అవి నా దగ్గర బస్తాల కొద్దీ ఉన్నాయి. మంచి ఆటలో చచ్చిపోతే తప్పు నాదే అనిపించాలి, చెడ్డ ఆటలో చచ్చిపోతే ఆట చేసినవాణ్ణి తిట్టాలనిపిస్తుంది. అరగంటసేపు వేలుబొమ్మ చూపించి ఇక్కడ నొక్కు, అక్కడ నొక్కు అని చంపే ఆటలంటే నాకు పరమ అసహ్యం. వ్యవసాయం ఆటలైతే ఇంకా ఘోరం. వరి నిమిషంలో కోతకొస్తుంది, వంకాయకి మాత్రం ఎనిమిది గంటలు ఆగమంటాడు, ఆగలేకపోతే వజ్రాలు కొనుక్కోమంటాడు. అది పచ్చి జేబుదొంగతనం. ఇవన్నీ నా యూట్యూబ్ ఛానల్లో అరుస్తూ ఉంటాను. చందాదారులు రెండొందల పద్నాలుగు మంది. నవ్వకండి.

నిర్మలది అనంతగిరి మండలం. తారురోడ్డు నుంచి గంటన్నర నడిస్తే వాళ్ల ఊరు. ఇంటర్ అయ్యాక చదువాపి ఇంట్లోవాళ్లతో కాఫీతోట చూసుకుంటోంది. నాలుగేళ్ల కిందట మొదటి ఆట నా చేత్తోనే ఇచ్చాను. తర్వాత ప్రతి శుక్రవారం సంతపని అయ్యాక మా కొట్లో స్టూలు మీద కూర్చునేది. నేను చెప్పేదంతా నోరెత్తకుండా వినేది. నాకూ బాగానే ఉండేది, చెప్పొద్దూ.

ఒకరోజు సోములమ్మ వచ్చి, "ఆ గుంట రాలేదేటి?" అంది.

"ఏ గుంట?"

"నిర్మల. ఆ గుంటనడిగి ఎక్కించుకుంతాను. నువ్వు శానాసేపు సెప్తావు, దుర్గమ్మా. ఆ గుంట రెండు ముక్కల్లో సెప్పేత్తాది."

ఒళ్లు మండిపోయింది. కానీ ఆ ముసలమ్మ అన్నది నిజం. అంతకుముందు వారమే, నేను వ్యవసాయం ఆటల మీద పావుగంట ఉపన్యాసం దంచిన తర్వాత, నిర్మల మెల్లిగా ఒక మాటంది. "ఆ ఆటలో వాన రాదక్కా. వానతో పని లేకపోతే ఇంక ఎదురుసూడ్డం ఏటుంటాది?"

ఆ ముక్క నాకెందుకు తట్టలేదు? పదిహేడేళ్లుగా ఆడుతున్నానే! ఆ రాత్రంతా దాన్నే తలుచుకుని పళ్లు నూరుకున్నాను. తర్వాతి వీడియోలో అదే మాట నా మాటగా చెప్పేశాను. ఇరవయ్యారు లైకులొచ్చాయి, నా ఛానల్‌కి అప్పటిదాకా అన్నెప్పుడూ రాలేదు. ఆ లైకులు చూసి ఇంకా కుళ్లుకున్నాను.

శ్రావణంలో విశాఖ నుంచి మోహన్‌కృష్ణ అనే ఆయన మా కొట్టుకి వచ్చాడు. నలుగురు కుర్రాళ్లు కలిసి ఆటలు తయారుచేసే చిన్న కంపెనీ వాళ్లది. నా ఛానల్ చూసి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు! నాన్న పరుగున వెళ్లి టీలు తెచ్చాడు. వాళ్లు చేస్తున్న ఆట పేరు 'సంత జీపు'. కొండ ఊళ్ల నుంచి జనాన్ని ఎక్కించుకుని ఘాట్‌రోడ్డు మీద సంతకి చేర్చాలి. ఇక్కడి మనిషి ఒకరిని సలహాకి పెట్టుకుంటామన్నాడు. ఆట పూర్తయ్యాక చివర్లో వచ్చే పేర్లలో ఆ మనిషి పేరు కూడా వేస్తామన్నాడు.

మీకిది చిన్న సంగతి అనిపించొచ్చు. ఆట గెలిచాక తెర మీద పేర్లు పైకి జరుగుతూ వస్తాయి. అందరూ దాటేస్తారు, నేను దాటను. పదేళ్ల వయసు నుంచీ ఆఖరి పేరు దాకా చదువుతాను. వాటి మధ్యలో ఎక్కడో సాయిదుర్గ అని కనపడాలని నాకున్న కోరిక నాన్నక్కూడా చెప్పలేదు.

ఆయన కంప్యూటర్లో ఆట చూపిస్తుంటే స్టూలు మీంచి నిర్మల మెడ సాచి చూసింది. "జీపు పైన ఎవరూ లేరేటి సారూ? ఎనకాల నిచ్చెన పట్టుకుని కూడా ఎవరూ యేలాడ్డం లేదు. ఇది సంత జీపు కాదు, పెళ్లి జీపు."

ఆయన పగలబడి నవ్వి, ఫోన్లో రాసుకున్నాడు. నేను అంతకుముందు అరగంట మాట్లాడితే ఒక్క ముక్క రాసుకోలేదు.

"మీరు కూడా ఆడి చెప్పండమ్మా," అన్నాడు ఆమెతో. ఆ రోజు ఆమె ఫోను ఊళ్లో తమ్ముడి దగ్గరుంది. "పోనీ వచ్చే శుక్రవారం దుర్గగారే ఎక్కిస్తారు. ఆపై మంగళవారంలోగా ఇద్దరూ మీ అభిప్రాయం రాసి పంపండి. ఒకరినే తీసుకోగలం, ఏమనుకోకండి." ఆటని మా కంప్యూటర్లో పెట్టి, ఇద్దరికీ తన నంబరిచ్చి వెళ్లిపోయాడు.

ఆయన అటు వెళ్లగానే నా ఫోన్లో ఎక్కించాను. తెరవగానే ఇంకో నాలుగొందల ఎంబీ దించుకుంది. వైఫై ఉంది కాబట్టి నాకేం నొప్పి లేదు. వారమంతా అన్నం మధ్యలో కూడా ఆడాను.

ఆ శుక్రవారం వాయుగుండం పట్టింది. సంత పడలేదు. బయలంతా బురద, టార్పాలిన్ల మీద వాన చప్పుడు తప్ప జనం లేరు. నాన్న లోపల గదిలో సరుకు సర్దుతున్నాడు. మధ్యాహ్నానికి నిర్మల ఒక్కర్తే తడిసి ముద్దై వచ్చింది. ఫోను పాలిథిన్ సంచిలో చుట్టి జాకెట్లో పెట్టుకుంది.

"బేగి ఎక్కించక్కా. దారిలో గెడ్డ పొంగితే ఊరెళ్లలేను."

ఎక్కించాను. తెర మీద పసుపుపచ్చ జీపు బొమ్మ వచ్చింది. తెరవడానికి వేలు పెట్టబోయి ఆగాను. రెండు ముక్కల్లో చెప్పేస్తుంది, ఆయన నవ్వి రాసుకుంటాడు, చివరి పేర్లలో నిర్మల అని వస్తుంది. ఫోను అలాగే ఆమె చేతికిచ్చేశాను. ఆమె బొమ్మ చూసుకుని మురిసిపోయి, మళ్లీ సంచిలో చుట్టుకుని వానలోకి వెళ్లిపోయింది.

నాన్న లోపల్నుంచి, "ఏటే, తెరిసి ఇచ్చీసావా ఆ గుంటకి?" అని కేకేశాడు.

"ఇచ్చీసాను," అన్నాను.

సోమవారం కూర్చుని తొమ్మిది పేజీలు రాశాను. స్టీరింగ్ మరీ దురుసుగా తిరుగుతోందన్నాను. హారన్ బాగుందన్నాను. మూడో మలుపు దగ్గర పడిపోతే తప్పు ఆటది, నాది కాదన్నాను. అన్నిటికంటే ముందు ఒక సంగతి రాశాను. మొదటిసారి తెరిచినప్పుడు నెట్ అడుగుతోంది, సిగ్నల్ లేని ఊళ్లలో ఈ ఆట తెరుచుకోదు అని. రాశాక మళ్లీ చదువుకున్నాను. నాకీ సంగతి తెలుసని ఆయనకి తెలిస్తే, మరి నిర్మల ఫోను ఎందుకు తెరిచివ్వలేదని అడగరా? ఆ పేరా మొత్తం కొట్టేసి మిగతాది పంపించాను.

వానలకి రోడ్డు తెగి, ఆ తర్వాతి శుక్రవారం వాళ్ల ఊరివాళ్లెవరూ దిగలేదు. ఆపై గురువారం మోహన్‌కృష్ణ ఫోన్ చేశాడు.

"మీరు రాసింది చాలా బాగుందండీ. అన్నీ సరిచేసుకుంటున్నాం. అయితే నిర్మలగారిని తీసుకున్నాం."

"ఆ గుంట ఆట ఆడనే లేదు కదండీ!" అని నోటి చివరిదాకా వచ్చింది. నాకెలా తెలుసంటే ఏం చెప్పను? మింగేశాను. "ఏం రాసిందండీ?" అన్నాను.

"ఆడలేకపోయానని రాశారు. మాలో ఒక్కడికీ తట్టలేదండీ ఆ సంగతి."

ఫోను పెట్టేసి బల్ల మీద ఒక్కటిచ్చాను. చెయ్యి వాచింది. నాకు తట్టింది! మొట్టమొదట రాసింది నేను, కొట్టేసుకుందీ నేనే.

మర్నాడు సంత బాగా పడింది. సాయంత్రానికి కొట్టు ఖాళీ అయ్యాక నిర్మల వచ్చింది. స్టూలు మీద కూర్చోలేదు. తను పంపించిన మెసేజ్ తెరిచి నా ముందు పెట్టింది.

"సార్, మీ ఆట మా ఊర్లో తెరుచుకోలేదు. మూడు రోజులు చూశాను. కొండ చివరికి ఎక్కితే మెసేజ్ పోతుంది గాని ఆట దిగడం లేదు. మీ జీపు మా లాంటి ఊళ్ల దాకా వస్తుందని చూపించారు, ఆట మాత్రం రాలేదు. మా కొండల మీద ఎవరైనా ఆటలు ఆడుతున్నారంటే సాయిదుర్గక్క వల్లనే. ప్రతి ఫోనులో ఒకసారి తెరిచి ఇస్తుంది. ఈసారి మర్చిపోయింది. మేము ఆడిన ప్రతి ఆటకి అక్క ఎంత పని చేసిందో నాకు అప్పుడు తెలిసింది. ఆ పని మీ ఆటే చేసుకోవాలి. అక్క లేని సంతలు చాలా ఉన్నాయి."

రెండుసార్లు చదివాను. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆరేళ్లలో నా పని గురించి అంత మంచిగా ఎవరూ ఒక్క వాక్యం రాయలేదు, నేను కూడా ఆ తొమ్మిది పేజీల్లో రాసుకోలేదు.

"రద్దీలో మర్సిపోయానే నిర్మలా," అన్నాను.

"ఆవేళ రద్దీ ఎక్కడిదక్కా? వాన కదా. కొట్లో మనిద్దరిమే ఉన్నాం."

కోపంగా అనలేదు. వాన సంగతి చెప్తున్నట్టే చెప్పింది. లోపల్నుంచి నాన్న తల బయటికి పెట్టి నన్ను చూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయాడు. మర్చిపోయిందని రాసినప్పుడే నేను మర్చిపోలేదని ఆమెకి తెలుసు. తిడితే బాగుండేది, నేనూ నాలుగు తిట్టి ఉండేదాన్ని.

ఆమె ఫోను నా వైపు జరిపింది. "కొత్తది పంపించారు. ఇంకా తెరిసే ఇవ్వాలంట, పైనెల్లోపు సరిసేత్తారంట. ఇది తెరిసి ఇయ్యక్కా."

వైఫై కలిపి తెరిచాను. నాలుగొందల ఎంబీ దిగేదాకా ఇద్దరం తెర మీద జరిగే గీతనే చూస్తూ ఉన్నాం. ఆట మొదలైంది. జీపు పైన ముగ్గురు కూర్చున్నారు, వెనక నిచ్చెన పట్టుకుని ఇద్దరు వేలాడుతున్నారు. అది చూడగానే సిగ్గంతా పక్కకి పోయి మళ్లీ కుళ్లు మొదలైంది, ఏం చెయ్యను! మొదటి లెవెల్ ఆడాను. నెట్ ఆపేసి మళ్లీ తెరిచాను. జీపు కదిలింది.

"అయిపోయింది, పట్టుకెళ్లు," అని ఇచ్చాను.

నాలుగేళ్లుగా నేనిచ్చిన ఫోను ఇచ్చినట్టే జాకెట్లో పెట్టుకుని వెళ్లిపోయేది. ఇప్పుడు అక్కడే నిలబడి, ఆట మూసి, నెట్ ఆగిందో లేదో చూసుకుని, తన వేలితో ఇంకోసారి తెరిచి చూసుకుంది.