మా చెరువులో అదుంది

పెళ్ళయి పద్దెనిమిది రోజులు. విడవలూరు దగ్గర మా అత్తగారింట్లో పదకొండు మందిమి. ఆనందబాబుతో నేను తీరిగ్గా మాట్లాడగలిగేది సాయంత్రాలే. చెరువుకట్ట కింద మాకు కనకాంబరం తోట ఉంది, పూలు కోయడం కొత్త కోడలి పని. చెరువులో 'అది' ఉంది కనుక మగతోడు లేకుండా ఆడవాళ్ళెవరూ అటు వెళ్ళకూడదు. నా తోడు నా మొగుడే. పావుగంటలో అయ్యే పనికి మాకు గంటన్నర పట్టేది.

'అది' దున్నపోతు తలతో, బోర్లించిన పడవంత వీపుతో ఉంటుందట. మొదట చూసింది మా అత్తగారు వెంకటశేషమ్మ, కాపురానికొచ్చిన కొత్తలో. తర్వాత ఊళ్ళో చాలామంది చూశారు. చూసిన ప్రతివాళ్ళూ తలో మూర కలిపారు.

మొన్న భోజనాల దగ్గర మామగారు పద్మనాభయ్య ఆ కథ ఎత్తుకున్నారు. నేను జువాలజీ ఎమ్మెస్సీ. ఊరుకోవచ్చు కదా. ఎండాకాలం మోకాలిలోతు నీళ్ళుండే చెరువులో అంత జంతువు ఎలా బతుకుతుందని అడిగాను. నీటికుక్కలు ఒకదాని వెనక ఒకటి ఈదితే పొడుగాటి వీపులా కనబడుతుందని, కంచంలో వేళ్ళు ఈదించి మరీ చూపించాను. అందరూ మెచ్చుకున్నారు. మామగారైతే మరీను.

"చదువుకున్న బిడ్డంటే అట్టుండాల. ఇంకేం భయం? రేపట్నుంచి నువ్వొక్కదానివే పోయిరామ్మా. అబ్బయ్య వరికయ్యకి నీళ్ళు పెట్టుకుంటాడు."

ఆనందబాబు పెరుగన్నంలోంచి తల ఎత్తలేదు.

వంటింట్లో అత్తగారు నా చేతిలో గిన్నె లాక్కున్నారు. "ఏం పని చేసినావమ్మే. అప్పుడీ ఇంట్లో పద్నాలుగు మంది. మీ మామతో నాలుగు మాటలు మాట్లాడేదానికి నేను దాన్ని పుట్టిస్తిని. నువ్వు ఒక్క పూటలో చంపేస్తివి."

మర్నాడు ఒంటరిగా వెళ్ళాను. గుప్పెడు పూలైనా లేని బుట్టతో రొప్పుతూ పరుగెత్తుకొచ్చాను. చూశానన్నాను. మామగారు నన్ను చూశారు. తలుపు పక్కన నిలబడ్డ అత్తగారిని ఇంకా ఎక్కువసేపు చూశారు. ఆవిడ కొంగు సర్దుకున్నారు.

"మూపురాలెన్నుండాయి?" అని అడిగారు మామగారు నన్ను.

"రెండు, మామయ్యా."

"మా కాలంలో ఒకటే." మీసం దువ్వుకుని కొడుకు వైపు తిరిగారు. "అబ్బయ్యా, నువ్వు తోడు పో. కయ్య సంగతి నేను చూసుకుంటా."

ఇప్పుడు పూలు కోసేశాక కూడా కట్ట మీద కూర్చుంటున్నాం. పాపం ఆనందబాబుకి అసలు సంగతి తెలియదు. నీళ్ళకేసి చూస్తూ ఎక్కడ కనబడిందని అడుగుతాడు. ఇంకాసేపు కూర్చుంటే వస్తుందంటాను.