శంకరవ్వ తొట్టెల పాట

కైలాసానికి కోపమొస్తే సాంచెలతోటి పోటీవడి అరుస్తడు. ప్రేమొచ్చినా అరుసుడే. ఏం జేస్తడు మరి? బట్ట నేసే నాలుగు సాంచెలు ముందరింట్ల పొద్దుందాక దడదడ కొట్టుకుంటుంటె మెల్లగ మాట్లాడుడు ఎవరి తరం? గా ఇంట్ల సగం ముచ్చట్లు పెదవులు జూసే అర్థం జేసుకుంటరు.

గిప్పుడు ఆయన ఫికరంతా కోడలు మమతారాణి గురించే. పొద్దటిసంది ల్యాప్‌టాప్ ముందల కూసుంది, బువ్వ ముట్టలే.

సంగతేందంటే, రేపు కైలాసం బిడ్డ నవీన కూతుర్ని తొట్టెలల, అంటె ఉయ్యాలల, ఏస్తరు. ఆయన పెండ్లాం దేవవ్వ తల్లిగారింట్ల ఏ పసిగుడ్డును తొట్టెలల ఏసినా శంకరవ్వ పాట పాడాలె. శంకరవ్వ అంటె దేవవ్వ తల్లి. పోయినేడు కాలం జేసింది. మొదటి రెండు మాటలు తప్ప ఆ పాట దేవవ్వకు రాదు. ముసలామె పాడంగ తీసిన వీడియో ఒక్కటే మిగిలింది. అది తీసిన ఫోన్ నీళ్ల గోలెంల వడి ఖరాబైంది గని, కోడలు ముందుగాలనే ల్యాప్‌టాప్‌ల ఎక్కించి పెట్టింది, బతికిపోయిండ్రు. తీరా ఇయ్యాల పెడితె బొమ్మ ఆడుతుంది, మాట లేదు.

"నేనే ఖరాబు చేసిన మామా!" అని కోడలు కండ్ల నీళ్లు వెట్టుకుంది.

పాత ల్యాప్‌టాప్ జల్ది నడువాలని ఆమెనే దాంట్ల లినక్స్ ఎక్కించింది. మొన్న అప్‌డేట్ నడుస్తుండంగ కరెంటు పోయింది. బ్యాటరీ ఎప్పుడో సచ్చింది, ఇగ అది నడుమలనే ఆరిపోయింది. లినక్స్‌కు గుండెకాయ కెర్నల్. కొత్త కెర్నల్ అయితే వచ్చింది గని, సౌండును నడిపించే మాడ్యూల్ దాని ఎంబడి రాలే.

"అంటె సాంచ వచ్చింది, నూలు కండె రాలే అన్నట్టు," అని అరిచిండు కైలాసం.

"అంతే మామా!"

దేవవ్వ పక్కన కూసొని తల్లి పెదవులనే చూస్తుంది. పెదవులు జూసి మాట పట్టుడుల ఆమెను మించినోళ్లు లేరు. గని పండ్లు లేని నోరాయె, పైంగ దవడకు తంబాకు. ఒక్క మాట చిక్కలే. అయినా కోడల్ని పల్లెత్తు మాట అనలే. "పోనీ బిడ్డా, మా అవ్వ మొకమన్న కనవడ్తుంది గద," అన్నది. గా మాటకు మమతారాణి ఇంకింత ఏడ్చింది.

ఫోన్ నెట్టు కలిపి మాడ్యూళ్లన్నీ మళ్ల దింపింది. మాడ్‌ప్రోబ్ అని కొట్టి సౌండు మాడ్యూల్‌ను ఎక్కించింది. పొద్దున 'దొరకలే' అన్న మిషిన్ ఈసారి నోరెత్తలే. ఎక్కింది! వీడియో పెట్టింది. ముగ్గురు మెడలు సాపిండ్రు. శంకరవ్వ నోరు ఆడుతుంది, మాట ఇనవడ్తలేదు. సౌండు నిండ పెంచినా గంతే. చెవుల వెట్టుకునే వైర్లు ఆమె మొగడు నాగరాజు డ్యూటీకి పట్కపోయిండు. మాడ్యూల్ తీసి మళ్ల ఎక్కించింది, వీడియో మళ్ల మొదటికెళ్లి పెట్టింది. ఊహూఁ.

ఇగ నాతోని కాదని చేతులు మొకానికి అడ్డం వెట్టుకుంది. వీడియో దాని మానాన అది నడుస్తనే ఉంది.

కైలాసానికి పానం తరుక్కపోయింది. 'పోతె పోనీ బిడ్డా, గా పాట నీకంటె ఎక్కువనా' అని చెప్పాలనుకున్నడు. గని అది గొంతు చించుకొని చెప్పే మాటనా? తిట్టినట్టే ఉంటది. లేచి పోయి నాలుగు సాంచెలు ఒక్కొక్కటే బంద్ చేసిండు.

చేసి ఇటు తిరిగిండో లేదో, ఇదేం చోద్యం! సాంచెల సప్పుడు ఆగలే. సన్నగ కొట్టుకుంటనే ఉన్నయి. వాటి దిక్కు చూసిండు. కదుల్తలేవు. కోడలు తలెత్తింది. సప్పుడు ల్యాప్‌టాప్‌లకెళ్లి వస్తుంది! సాంచెల నడుమ పుట్టి పెరిగిన మనుషులాయె, గా సప్పుడును సప్పుడని ఎన్నడు లెక్కవెట్టిండ్రు గనుక? సాంచెలు బంద్ చేసి ఇందామని ముగ్గుర్ల ఒక్కరికన్న తోస్తే గద!

గంతల గా సప్పుట్లకెళ్లి శంకరవ్వ గొంతు లేచింది. ఎత్తుకున్న పాటను ఆపి కసురుకుంది:

"ఓ దేవీ, గా సాంచెలు జర బంద్ చెయ్యుమనవే నీ మొగన్ని! నా పాట నాకే ఇనవడ్తలేదు!"

దేవవ్వ నవ్విందో ఏడ్చిందో ఆమెకే ఎరుక లేదు. చెయ్యి చాపి తెర మీద తల్లి చెంప నిమిరింది.

"బంద్ చేసిండే అవ్వా. నువ్వు పాడు."