దేవునికని ఉంచిన పువ్వు

దేవుడి విషయంలో మా అత్త సువార్తమ్మ పట్టిన పట్టు విడవదు. మిడుతూరులో సేద్యం చేసినన్నాళ్ళూ శనగైనా, మిరపైనా, పెరట్లో కాసిన సొరకాయైనా మొదటి కోత ఏసయ్య గుడికి పోవాల్సిందే. కోతపండుగ నాడు ప్రథమ ఫలం దేవుని ముందు పెట్టేదాకా ఇంట్లో ఎవరూ నోట పెట్టకూడదు. ఆళ్ళగడ్డలో మా ఇంటికి వచ్చాక కూడా ఆ పట్టు సడలలేదు.

వాళ్ళను ఇక్కడికి తెచ్చింది మా మామ ఓబయ్య గొంతులో లేచిన గడ్డ. నంద్యాల ఆసుపత్రిలో ఉన్నప్పుడు పక్క మంచమాయన డబ్బాలో పచ్చటి పువ్వు ముక్కలు చూశాడు మామ. బ్రోకలీ అంటారని, కోసుపువ్వు, అదే కాలీఫ్లవర్, జాతిదేనని తెలుసుకుని, మన నేలలో వస్తుందా అని ఆరా తీశాడు. ప్రాణం మీదికి వచ్చినా రైతుకు విత్తనం మీదే ధ్యాస. ఇక ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పిన రోజునే నా భర్త అజయ్‌తో విత్తనాల పొట్లం కొనిపించాడు.

చలి మొదలయ్యాక ఇంటి వెనక నారు నాటాడు. కుర్చీ వేసుకుని కూర్చుని, ఆకు తిరగేసి చేత్తో పురుగు ఏరేవాడు. ఎండకు కొన్ని, పురుగుకు కొన్ని పోగా ఒక్క మొక్క నిలిచింది. అప్పటికి ఆయన గంజి, మెత్తగా చిదిమిన అన్నం తప్ప మింగలేకపోతున్నాడు. అయినా ఒకటే కోరిక, తాను పెంచినదాన్ని ఒక్క ముద్ద రుచి చూడాలని.

కానీ ఆ మొక్క నడుమ పిందెలాంటి పువ్వు కనబడిన రోజే అత్త మోకాళ్ళూని మొక్కుకుంది. ఈ పువ్వు నీకు, నా మనిషిని నాకు ఉంచు అని.

కోతపండుగ జనవరిలోనే రావాలి. గుడికి స్లాబు వేస్తున్నారని వాయిదా వేశారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత మా గుడికీ వర్తిస్తుంది. పువ్వుకు ఈ వాయిదాలు తెలియవు కదా. పిడికిలంత అయింది, పిడికిలి దాటింది. మామ రోజూ బొటనవేలితో నొక్కి చూసేవాడు. మొగ్గలు బిగువుగా ఉండగానే కోయాలని, ఇక ఆగితే చెడుతుందని అత్తకు చెప్పి చూశాడు.

"తల్లి పువ్వు కోస్తే పక్కన పిల్లపువ్వులు లేస్తాయి. అవి ఇద్దువులే దేవునికి," అన్నాడు.

"మిగిలింది దేవునికి పెట్టే ఇల్లు కాదు మనది," అంది అత్త.

ఆయన నావైపు తిరిగి సైగ చేశాడు, నువ్వన్నా కొయ్యమని. నాకు ఒళ్ళు మండి కత్తి తీసుకుని పెరట్లోకి పోయాను. అత్త మొక్కకు అడ్డంగా నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, నా మణికట్టు పట్టుకుని ఏడ్చింది.

"నా మొగుని ప్రాణం దీంట్లో ఉందమ్మా జెస్సీ."

ఆ మాట మీద కత్తి ఎవరు ఎత్తగలరు?

ఒకరోజు పొద్దున పువ్వు అంచున మొగ్గలు విచ్చి పసుపు రంగు కనబడింది. కిటికీలోంచి చూసిన మామ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు గంజి కూడా వద్దన్నాడు. మరునాడూ వద్దన్నాడు. అప్పుడు అత్త ఎవరితోనూ చెప్పకుండా తానే పోయి పువ్వు కోసింది. రెండు తెల్లగడ్డ రెబ్బలు వేసి, ఉడికించి, మెత్తగా మెదిపి స్పూనుతో ఆయన నోట్లో పెట్టింది. ఆయన చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు. రుచి చూస్తున్నాడని నేను సంతోషపడ్డాను.

"ముదిరిపోయిందే," అన్నాడు.

సేద్యగాడు కదా, ఉన్నమాట అన్నాడు. ఆ వారంలోనే పోయాడు.

మాట తప్పినందుకే దేవుడు తీసుకుపోయాడని అత్త నమ్మింది. గడ్డ తీసుకుపోయింది, దేవుడు కాదని ఎంత చెప్పినా వినలేదు. ఒక కోసుపువ్వు కోసం దేవుడు మనిషిని తీసుకుపోతాడా అని చివరికి అరిచాను.

"తీసుకపాయె కదా," అంది.

పెరట్లో ఆయన చెప్పినట్టే మోడు పక్కలనుంచి పిల్లపువ్వులు లేచాయి. బిగువుగా, ముదురు పచ్చగా, ఆయన చూసి ఉంటే మురిసిపోయేటట్టు. నేను అటువైపు పోవడమే మానేశాను. అత్త మాత్రం రోజూ నీళ్ళు పోసేది.

కొత్త స్లాబు కింద కోతపండుగ జరిగింది. గుమ్మడికాయలు, శనగల మూటలు, కాళ్ళు కట్టిన కోళ్ళు ముందు పెట్టారు. అత్త పిల్లపువ్వులన్నీ కోసి పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది. పాస్టరు అయ్యగారు పళ్ళెం అందుకుని, ప్రథమ ఫలమా అమ్మా అని అడిగాడు.

"కాదయ్యా. ప్రథమ ఫలం మేమే తింటిమి. ఇవి మిగిలినవి."

పళ్ళెం ఆయన చేతుల్లోనే వదిలేసి, ప్రార్థనకు ఆగకుండా, చెప్పులేసుకుని బయటికి నడిచింది.