సెలవు కవరు

ఆఫీసులో ఆమెను అందరూ తాళాలమ్మ అనేవారు. మొదట్లో వెనకాల అనేవారు, తర్వాత ఎదురుగానే అన్నారు. చివరికి ఆమే ఫోనెత్తి "తాళాలమ్మని మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టింది. ఇంట్లో కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో రోజుకు రెండుసార్లు వెతుక్కునే మనిషికి ఎంత పెద్ద పేరు పెట్టారే అని వాళ్ళ అక్క నవ్వేది. కానీ మెడలో వేలాడే ఆ బూడిదరంగు కార్డును మాత్రం ఆరేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా ఎక్కడా మరిచిపోలేదు.

ఆ కార్డు సంగతి చెప్పాలి. కంపెనీ విదేశానిది. జనం రాసుకునే మాటలు, దాచుకునే కాగితాలు, ఫొటోలు ఒక యాప్‌లో భద్రంగా ఉంచడం దాని పని. ఎవరివి వాళ్ళు మామూలుగా తెరిచి చూసుకోవచ్చు. అందరివీ ఒక్కసారిగా తెరిచే పెద్దతాళం ఒకటుంది. అది తీయాలంటే మూడు కార్డులు ఒకేసారి ఒకే యంత్రంలో పెట్టాలి. ఒకటి హెడ్డాఫీసు పెద్దమనిషి దగ్గర ఉంటుంది, ఒకటి ఇక్కడి ఆఫీసు అధికారి దగ్గర, ఒకటి తాళాలమ్మ దగ్గర. రెండుండి మూడోది లేకపోతే ఇక తలకిందులుగా తపస్సు చేసినా తెరుచుకోదు.

ఇక్కడి అధికారిని నెమ్మది సార్ అనేవారు. ఆయన గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. తాళాలమ్మకు పని నేర్పింది ఆయనే. ఆమె మొదటిసారి తప్పు చేసి ఏడుస్తూ కూర్చుంటే, ఆ తప్పు తన పేరున రాసుకుని "టీ చల్లారిపోతోంది, తాగమ్మా" అన్న మనిషి. ఆమె ఆయన్ను దేవుడనుకోలేదు గానీ, దేవుడికి కాస్త దగ్గరి చుట్టం అనుకుంది.

ఆ ఏడు ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది. మా జనం రాతలు మా గడ్డ మీదే ఉండాలి, లేదంటే మూటా ముల్లే సర్దుకోండి అంది. బేరాలు మొదలయ్యాయి. సచివాలయం మూడో అంతస్తులో ఒక పొడుగాటి గది, ఏసీ నుంచి చుక్కచుక్కగా నీళ్ళు పడుతుంటే కింద ఒక ప్లాస్టిక్ బకెట్. అటు కార్యదర్శి, ఆయన పక్కన నలుగురు. ఇటు నెమ్మది సార్, హెడ్డాఫీసు నుంచి విమానంలో దిగిన పెద్దమనిషి, బల్ల చివర కాగితాల దొంతరతో తాళాలమ్మ. ఏడు వారాలు కూర్చున్నారు. రాతలన్నీ దాచే సర్వర్లు ఇక్కడ పెట్టడానికి మూడో వారంలోనే కంపెనీ ఒప్పుకుంది. గొడవంతా తాళం దగ్గరే.

"ఇల్లు మా స్థలంలో, తాళంచెవి మీ జేబులోనా?" అన్నాడు కార్యదర్శి ఒకరోజు.

"తాళం మాది కాదండీ. దాచుకున్నవాళ్ళది. మేం కాపలావాళ్ళం, అంతే," అన్నాడు నెమ్మది సార్.

ఆ మాటకు తాళాలమ్మ ఒళ్ళు పులకరించింది. సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా అక్క ఇంటికి వెళ్ళి, ఒక్క అక్షరం పోకుండా చెప్పింది.

అక్కకు ఆ మాట ఎందుకు కావాలంటే, ఆమె ఛాతీ వార్డులో హెడ్ నర్సు. ఊరి చివర రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు నాలుగేళ్ళుగా ఒకే రకం ఆయాసంతో వచ్చి చేరుతున్నారు. ఫ్యాక్టరీ ప్రభుత్వానిది. లెక్కలో పదకొండు మందికే జబ్బు అని రాసి ఉంది. అక్కా, ఇంకో పదమూడు మంది నర్సులూ ఎవరికీ చెప్పకుండా ఒక జాబితా రాస్తూ వచ్చారు. మనిషి పేరు, ఏ షెడ్డులో ఎన్నేళ్ళు చేశాడు, ఎక్స్‌రే ఫొటో. రెండు వందలు దాటింది. అదంతా ఈ యాప్‌లోనే ఉంది. అక్కడ పెట్టుకోమని చెప్పింది కూడా చెల్లెలే.

"చిన్నీ, నిజం చెప్పు. సర్వర్లు ఇక్కడికొస్తే మా గతేంటి? తీసేయమంటే ఇవాళే తీసేస్తాం. కాగితాల మీద రాసుకుంటాం," అంది అక్క.

"పెట్టెలు వస్తాయి గానీ తాళం రాదక్కా. నా కార్డు లేకుండా ఆ దేవుడొచ్చినా తెరవలేడు."

"నీ మాట మీదే ఉంటున్నాం మరి. మిగతావాళ్ళకి కూడా నీ మాటే చెప్తాను."

తాళాలమ్మకు మనసులో ఏదీ ఆగదు. మర్నాడు నెమ్మది సార్ దగ్గర అక్క భయం బయటపెట్టింది. జాబితా ఊసెత్తలేదు, వాళ్ళ నర్సుల రాతలు ఉన్నాయని మాత్రం అంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "మీ అక్కగారిని నిశ్చింతగా ఉండమని చెప్పు," అన్నాడు. ఆమె ఆ మాట కూడా మోసుకెళ్ళి అప్పజెప్పింది.

ఆరో వారంలో అమ్మకు కంటి ఆపరేషన్ కుదిరింది. అక్క హాస్పిటల్లోనే. బేరాలు ముడిపడే సమయంలో సెలవు ఎలా అడగాలా అని తాళాలమ్మ తటపటాయిస్తుంటే, ఎలా తెలిసిందో ఆయనే పిలిచాడు.

"అమ్మ కన్నా ఎక్కువేం కాదు. నాలుగు రోజులు తీసుకో. ఇక్కడ నేనున్నాగా."

ఆ ఆఫీసులో ఒక పద్ధతుంది. కార్డు మనిషి సెలవు పెడితే కార్డునూ, దాని రహస్య సంఖ్య రాసిన చీటీనీ ఒక దళసరి కవరులో పెట్టి, అంటించి, అతుకు మీద అడ్డంగా సంతకం చేసి అధికారి బీరువాలో పెట్టాలి. దాన్ని సెలవు కవరు అంటారు. ఆరేళ్ళ కిందట మూడో కార్డు మోసిన పెద్దాయన సెలవులో ఉండగా ప్రమాదంలో పడి మంచమెక్కితే, యంత్రం మొరాయించిన వేళకు తాళం తీసే దిక్కులేక రెండు రోజులు అందరి కాగితాలూ ఇరుక్కుపోయాయి. ఆయన కవరు బీరువాలోనే ఉంది, కానీ తెరవడానికి నిబంధన లేదు. అప్పుడు కొత్తగా ఆ కార్డు అందుకున్న తాళాలమ్మే అరకాగితం మీద తొమ్మిదో నిబంధన రాసి ఇచ్చింది. తప్పనిసరి పరిస్థితిలో మిగతా ఇద్దరూ ఒప్పుకుంటే సెలవు కవరు తెరవవచ్చు అని. జనం కష్టం చూడలేక రాసింది. తప్పనిసరి అంటే ఏమిటో, అది ఎవరు తేలుస్తారో రాయాలని ఆమెకు తట్టలేదు. చుట్టూ ఉన్నవాళ్ళంతా మంచివాళ్ళే అనుకునేవాళ్ళు అలాంటివి రాయరు.

ఆపరేషన్ బాగా జరిగింది. రెండోరోజు పొద్దున్న పదకొండు దాటుతుండగా, కంటికి కట్టుతో పడుకున్న అమ్మకు తాళాలమ్మ బత్తాయి తొనలు వలిచి పెడుతోంది. అక్క డ్యూటీ మధ్యలో వచ్చి మంచం అంచున కూర్చుని గొంతు తగ్గించింది.

"చిన్నీ, ఇంకోసారి అడుగుతున్నానని విసుక్కోకు. మా నర్సు పిల్లల్లో ఒకత్తి భయపడుతోంది."

"విసుగెందుకక్కా. బల్ల దగ్గర కూర్చున్నదాన్ని, నాకు తెలీదా? మా సార్ ప్రాణం పోయినా ఇవ్వడు."

అక్క తృప్తిగా ఒక తొన నోట్లో వేసుకుని వెళ్ళిపోయింది. 

అయిదో రోజు పొద్దున్నే తాళాలమ్మ ఆఫీసుకు వెళ్ళింది. నెమ్మది సార్ బీరువా తీసి కవరు బల్ల మీద పెట్టాడు. ఆమె సంతకం ఎక్కడిదక్కడే ఉంది, చెక్కుచెదరలేదు. కానీ కవరు పక్క అంచు కత్తితో నిలువునా, గీత గీసినట్టు కోసి ఉంది. దాచే ప్రయత్నం కూడా చేయలేదు. కవరుకు గుండుసూదితో ఒక చీటీ గుచ్చి ఉంది, తొమ్మిదో నిబంధన ప్రకారం తెరవడమైనది అని. కింద రెండు సంతకాలు.

ఆమె కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది.

"చూడమ్మా," అన్నాడాయన, ఎప్పటి గొంతుతోనే. "వాళ్ళు తాళం మొత్తం ఇమ్మన్నారు. మనం అసలు ఇచ్చేదే లేదన్నాం. చివరికి మధ్యలో కలిశాం. అసలు తాళం మన దగ్గరే ఉంటుంది. ఒక్క నకలు మాత్రం వాళ్ళ బీరువాలో పెట్టాం."

"నకలుంటే ఇంక అసలుతో వాళ్ళకేం పని సార్?"

"కోర్టు కాగితం లేకుండా ఆ బీరువా తీయకూడదు. ఆ ఒక్క వాక్యం కోసం రెండు రోజులు పోట్లాడాను. పాము చావకుండా కర్ర విరగకుండా గట్టెక్కించడం ఎంత కష్టమో నీకు తెలీదు."

"మరి మనకేం ఇచ్చారు?"

"యాప్‌లో డబ్బు పంపుకునే సేవకు పదేళ్ళ అనుమతి. లేకపోతే ఆఫీసు మూతే. నూట ఎనభై మంది ఉన్నారమ్మా ఇక్కడ."

"నన్ను అడగాలనిపించలేదా?"

"అడిగితే కార్డు ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్ని కాదు."

"అందుకే అడగలేదు. నిన్ను ఆ ఇరకాటంలో పెట్టడం ఇష్టంలేక."

తడిగుడ్డతో గొంతు కోయడం అంటే ఏమిటో ఆమె అంతవరకూ మాటగానే విన్నది. కంచే చేను మేసిందని ఎవరి దగ్గరకు వెళ్ళి చెప్పుకోవాలి, మేసింది కూడా ఆమె రాసిచ్చిన కాగితం చూపించి మేస్తే? నాలుగు రోజుల సెలవు, అమ్మ కన్నా ఎక్కువేం కాదన్న మాట, నిశ్చింతగా ఉండమన్న మాట, ఒక్కొక్కటీ వెనక్కి తిరిగి ఆమె మొహం మీద కొట్టాయి. అప్పుడు చల్లారుతోందన్న టీ కూడా. ఇంత ప్రేమగా మోసం చేసే మనిషి మీద కోపం తెచ్చుకోవడానికి కూడా ఆమెకు అలవాటు లేదు, అందుకని ముందు ఏడుపొచ్చింది.

"పది రోజుల్లో ప్రకటన వస్తుంది. అప్పటిదాకా ఈ మాట గది దాటకూడదు," అన్నాడాయన. "నువ్వు పన్నెండేళ్ళ కిందట చేరినప్పుడే దానికి సంతకం పెట్టావు."

"కోర్టు కాగితం ఎన్ని రోజులకొస్తుంది సార్ మామూలుగా?"

ఆయన కిటికీ వైపు చూశాడు. ఆమె కార్డు బల్ల మీదే వదిలేసి, సంచీ తీసుకుని బయటికి నడిచింది. ఉద్యోగం పోతే పోనీ, జైలుకు పంపితే పంపనీ, అక్క ఆ జాబితా ఈ గంటలోనే తీసేయాలి. ఆటోలో కూర్చుని నాలుగుసార్లు ఫోన్ చేసింది. అక్క ఎత్తలేదు.

అక్క ఇంటి తాళంచెవి ఒకటి ఎప్పుడూ తాళాలమ్మ గుత్తిలోనే ఉంటుంది. అమ్మ అక్క దగ్గరే ఉంటుంది కాబట్టి, అక్క డ్యూటీలో ఉన్నప్పుడు చెల్లెలు వచ్చి చూసుకుని వెళ్తుంది. ఆ చెవితో తలుపు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఈ వేళకు వార్డులో ఉండాల్సిన అక్క వంటింటి బల్ల ముందు కూర్చుని ఉంది. ఇంకా యూనిఫాంలోనే ఉంది.

"అక్కా, ఆ జాబితా వెంటనే..."

"కూర్చో," అంది అక్క.

బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి సస్పెన్షన్ ఉత్తర్వు. పద్నాలుగు మందికీ ఇచ్చారట, రోగుల రహస్యాలు బయటపెట్టారని.

"పొద్దున్న ఏడింటికి పిలిచారు. మేం రాసుకున్నదంతా అచ్చువేసి ఇంత లావున ముందు పెట్టారు. కోర్టు కాగితం కూడా చూపించారు. మొన్న సాయంత్రం తేదీ వేసి ఉంది. ఇది మీకెలా వచ్చిందని అడిగితే ఇది చేతిలో పెట్టారు."

రెండో కాగితం నకలు తీయడానికి తాళం తెరిచిన ధ్రువపత్రం. మూడు కార్డుల నంబర్లు, వాటి ఎదురుగా మూడు పేర్లు. మూడోది తాళాలమ్మది. సమయం పదకొండుంపావు. తేదీ, ఆమె బత్తాయి తొనలు వలిచిన రోజుది.

"అది నేను కాదక్కా. కవరు కోశారు. నాకు చెప్పకుండా కోశారు."

"కార్డు నీదేనా?"

"నాదే."

"కోయొచ్చని రాసిందెవరు?"

 రాసింది కూడా తనే అని అక్కకు ఒకప్పుడు గొప్పగా చెప్పుకుంది తాళాలమ్మే.

"నువ్వు అమ్మేశావని నేననుకోవడం లేదే," అంది అక్క. గొంతులో కోపం లేదు, ఉన్నా బాగుండేది. "కానీ ఆ పదమూడు మందికీ ఏం చెప్పను? మా చెల్లెలు మాటిచ్చిందని నేనే చెప్పి ఆపాను వాళ్ళని. వాళ్ళ కళ్ళముందు ఉన్నది నీ పేరు. నన్ను నమ్మినందుకు వాళ్ళు, నిన్ను నమ్మినందుకు నేను, మీ సార్‌ని నమ్మినందుకు నువ్వు. ఆ రోగులెవర్ని నమ్మారో వాళ్ళకే తెలీదు పాపం."

 అక్క కాగితాలు మడిచి, బల్ల మీదకి చెయ్యి చాపింది.

"మా ఇంటి తాళంచెవి నీ దగ్గరుంది కదా. అది ఇచ్చేసి వెళ్ళు."

తాళాలమ్మ గుత్తి తీసింది. చెవి రింగులో బిగుసుకుపోయి ఉంది, గోరు విరిగింది గానీ రాలేదు. అక్క సాయం చేయలేదు, చూస్తూ కూర్చుంది. చివరికి అది ఊడి బల్ల మీద పడింది.

ఆ చప్పుడుకు లోపలి గదిలో అమ్మ కదిలింది. "ఎవరే? చిన్నదేనా వచ్చింది?"

"నేనేనమ్మా," అంది తాళాలమ్మ.

"రేపు పదింటికి కంట్లో చుక్కలు వేయాలట. నువ్వొస్తావుగా, అక్కకి డ్యూటీ ఉంటుంది."

తాళాలమ్మ అక్క వైపు చూసింది. అక్క తాళంచెవి తీసి జేబులో వేసుకుంది.

"నేను వేస్తానులే అమ్మా," అంది అక్క. "ఇక నేను ఇంట్లోనే ఉంటాను."